జవాబు ‘కాదు’ అని రావాలి

ఆ పరీక్ష రాయడానికి మనోజ్ఞకు పది నిమిషాలు కూడా పట్టలేదు. పరీక్షించాల్సిన ప్రోగ్రామే మూడు వరుసలుంది. దానికి పరీక్షలు రాయడంలో కష్టమేముంటుంది అనుకుంది.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండమీద వాళ్ల ప్రయోగశాల ఉంది. మనిషి జ్ఞాపకాన్ని చదివి రాసిపెట్టే యంత్రం అక్కడే తయారైంది. యంత్రాన్ని కట్టింది ఆమె భర్త ఫణీంద్ర. అది చదివినదాన్ని రాయడానికి కావలసిన భాషను కట్టింది మనోజ్ఞ. దానికి ‘అంకురం’ అని పేరు పెట్టుకుంది. ఆ భాషలో ఉన్నవి రెండే వస్తువులు. ఒకటి శూన్యం, రెండోది జత. జతకి ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి ఉంటాయి. ఆ ఉన్నవి శూన్యాలైనా కావచ్చు, మళ్లీ జతలైనా కావచ్చు. ఇంత చిన్న భాషలో ఏం రాస్తారు మేడం అని విద్యార్థులు నవ్వేవారు. ఒక మనిషి జీవితంలో ఒక సాయంత్రం రాయడానికి నలభై లక్షల జతలు పట్టేవి.

యంత్రంతో ఒక చికిత్స కూడా చేసేవారు. భరించలేని జ్ఞాపకంలో నొప్పిని తగ్గించే చికిత్స అది. జరిగిన సంగతి మారకూడదు, దాని పదును మాత్రం తగ్గాలి. ఆ పదును రాతలోకి రాదు, సంగతి ఒక్కటే వస్తుంది. సంగతి మారలేదని రుజువుగా చికిత్సకు ముందూ తర్వాతా జతల లెక్క సరిపోతే చాలని ఫణీంద్ర చాలాకాలం వాదించాడు. లెక్క ఒకటైనంత మాత్రాన అల్లిక ఒకటవుతుందా అని మనోజ్ఞ అంటూనే ఉండేది. చివరికి ప్రభుత్వం నుంచే ఉత్తర్వు వచ్చింది. అల్లిక మొత్తాన్ని పోల్చి చూసే పరీక్ష లేకుండా చికిత్స చేయకూడదన్నారు. అప్పుడు మనోజ్ఞ ఆ మూడు వరుసలు రాసి ‘సమమా’ అని పేరు పెట్టింది.

“రెండూ శూన్యాలైతే సమం,” అని యంత్రం నడిపే జుబేదాకు చెప్పింది. “ఒకటి శూన్యం, ఇంకోటి జత అయితే సమం కాదు. రెండూ జతలైతే ఎడమతో ఎడమని, కుడితో కుడిని పెట్టి మళ్లీ ఇదే ప్రశ్న అడగాలి.”

“ఎవరివో, ఎక్కడ దాచారో చూడదా మేడం?”

“చూడదు. అల్లిక ఒకటేనా కాదా, అంతవరకే చూస్తుంది.”

చిన్న చిన్న పరీక్షలు నలభై ఒకటి రాసింది. అన్నీ నెగ్గాయి. ఇక పెద్దది ఒకటి కావాలి. ఒకే సంఘటనను ఇద్దరు మనుషులు గుర్తుపెట్టుకున్న రాతలు రెండు తెచ్చి పోల్చాలి. దానికి జవాబు ‘కాదు’ అని రావాలి. కవల పిల్లల్లో కూడా ఒకే పూట రెండు రకాలుగా గుర్తుంటుందని వాళ్లకు అనుభవమే.

మనోజ్ఞకు అందుబాటులో ఉన్న అలాంటి రాతలు తనదీ, ఫణీంద్రదీ. ఆరేళ్ల కిందట ఆమె తమ్ముడు కిరీటి ఈ ప్రయోగశాలలోనే చనిపోయాడు. యంత్రం కింద మొదట కూర్చున్న మనిషి అతనే. ఇరవై మూడేళ్లు. అప్పుడు వేసిన విచారణ సంఘం, యంత్రం శక్తిని ప్రమాదం లేనంతగా తగ్గించి, ఫణీంద్ర జ్ఞాపకాన్ని మూడో రోజున, మనోజ్ఞది రెండు నెలల తర్వాత యంత్రంతో రాయించి ముద్ర వేసింది. ఆ ముద్ర వేసిన రాతలను చదవచ్చు, చెరపడానికి వీల్లేదు. విచారణ ముగిశాక పరిశోధనకు వాడుకోవచ్చని అనుమతి కూడా ఉంది. ఆ రెండింటినీ తీసుకుని, జవాబు ‘కాదు’ అని రావాలని రాసి, నడిపింది.

నలభై ఒక్క వరుసలు పచ్చగా వెలిగాయి. నలభై రెండోది ఎర్రగా వచ్చింది. ‘కాదు’ అనాల్సిన చోట ‘సమం’ అని ఉంది.

మనోజ్ఞకు తన ప్రోగ్రాం మీదే అనుమానం వచ్చింది. లోపలికి పోకుండా పైపైన చూసి సమం అనేస్తోందేమో. ఫణీంద్ర రాతకు నకలు తీసి, ఎక్కడో అడుగున ఒక్క శూన్యాన్ని తీసి జత పెట్టింది. ‘కాదు’ అంది. ఆ జతను తీసి శూన్యాన్ని తిరిగి పెట్టింది. ‘సమం’ అంది. కిందటి నెల వార్షికోత్సవం భోజనాల గురించి జుబేదా రాత, తన రాత పెట్టి చూసింది. ‘కాదు’. దాచినవాటిలో కవలల రాతలు పెట్టి చూసింది. ‘కాదు’. 

“ఒకే రాతను రెండు పేర్లతో దాచి ఉంటారు మేడం,” అంది జుబేదా. “విచారణ హడావిడిలో ఎవరో పొరపాటు చేసి ఉంటారు.”

అదొక్కటే మిగిలింది. మనోజ్ఞకు కాస్త ధైర్యం వచ్చింది. “అయితే నాది ఇప్పుడు కొత్తగా చదువు,” అని వెళ్లి యంత్రం కింద కుర్చీలో కూర్చుంది.

జుబేదా పట్టీలు బిగించి, “ఆ రోజు గురించి ఆలోచించండి,” అంది.

ఆలోచించడానికి ఏముంది. ఆరేళ్లుగా అదే కళ్లముందు ఉంది. సాయంత్రం నాలుగు గంటలు. కిరీటి ఇదే కుర్చీలో కూర్చున్నాడు, మొహం అటు తిరిగి ఉంది. మీటల బల్ల మీద అంకెలు నూట నలభై దగ్గర ఆడుతున్నాయి. తలుపు దగ్గర ఆకుపచ్చ చీరలో తను నిలబడి ఉంది. మొదలుపెట్టనా అన్నట్టు చూస్తే తను తల ఊపింది. తర్వాత కిరీటి కాళ్లు కొట్టుకోవడం.

తను తల ఊపింది. విచారణ సంఘం ముందు అదే చెప్పింది. అప్పటినుంచి కన్నతల్లి సత్యవేణి ఆమెతో మాట్లాడటం మానేసింది. ‘మాట మార్చావు’ అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. కొడుకు పోయిన దుఃఖంలో ఏదో అంటోందని మనోజ్ఞ అనుకుంది. చావు తర్వాత రెండు నెలలూ తను మందుల మత్తులోనే ఉందని ఫణీంద్ర చెప్పాడు. ఆ రెండు నెలలూ ఆమెకు పొగమంచులా ఉండేవి. వాటి చివర, విచారణకు ముందే, తనూ ఈ కుర్చీలో కూర్చుని నొప్పి తగ్గించే చికిత్స చేయించుకుంది.

యంత్రం ఆగింది. జుబేదా కొత్త రాతను తీసుకెళ్లి ఫణీంద్ర రాత పక్కన పెట్టింది. తెరను మనోజ్ఞ వైపు తిప్పింది.

సమం.

మనోజ్ఞ కుర్చీలోంచి లేవలేదు. ఆకుపచ్చ చీరలో తలుపు దగ్గర తను. తనకు తను ఎలా కనిపిస్తుంది? ఈ ప్రశ్న అప్పట్లోనే ఒకసారి ఫణీంద్రను అడిగింది. పెద్ద దెబ్బ తగిలినప్పుడు మనిషి తనను తాను బయటినుంచి చూసుకున్నట్టు గుర్తుంటుంది, చాలామందికి అంతే అన్నాడు. నమ్మింది. మీటల బల్ల మీద అంకెలు తలుపు దగ్గరినుంచి కనిపించవు. అవి బల్ల ముందు కూర్చున్నవాడికే కనిపిస్తాయి.

“జుబేదా, నాకు చికిత్స జరిగిన రోజు యంత్రం ఎవరు నడిపారు?”

యంత్రం నడిపినవాళ్లు రోజూ సంతకం చేసే పాత పుస్తకం తీసింది జుబేదా. ఆ పేజీలో తన సంతకం లేదు. “ఆ రోజు నన్ను సెలవు తీసుకోమన్నారు మేడం. సారే నడుపుకుంటానన్నారు.”

*

ఆమె ఇంటికి వెళ్లేసరికి ఫణీంద్ర వంటింట్లో బెండకాయలు వేయిస్తున్నాడు. శనివారాలు వంట అతనిదే. ఆమెకు ఇష్టమని కరకరలాడేదాకా వేయించేవాడు. ఇద్దరూ ఇంజనీరింగులో ఒకే క్లాసు. పెళ్లయి పదమూడేళ్లయినా పేర్లతోనే పిలుచుకునేవారు.

మనోజ్ఞ బ్యాగు కూడా దించకుండా గుమ్మంలో నిలబడింది.

“ఫణీ, నా జ్ఞాపకం, నీ జ్ఞాపకం ఒకటే వచ్చాయి.”

ఏ జ్ఞాపకం అని అతను అడగలేదు. అలా అడిగి ఉంటే బాగుండేదని ఆమెకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

“ఎప్పుడు చూశావు?” అన్నాడు.

“మధ్యాహ్నం.”

అతను స్టవ్ ఆపి చేతులు తుడుచుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నువ్వు నాతో మాట్లాడటం మానేశావు మనూ. యాభై ఎనిమిది రోజులు. నేను గదిలోకి వస్తే నువ్వు లేచి వెళ్లిపోయేదానివి. ఒకరోజు నువ్వే వచ్చి, నిద్ర పట్టడం లేదు, ఈ బాధ కొంచెం తగ్గించు అన్నావు.”

“బాధ తగ్గించమన్నాను.”

“అవును.”

“దానికే సంతకం పెట్టాను.”

“తగ్గించాలనే కూర్చోబెట్టాను. ఒట్టు. కానీ ముందు చదవాలి కదా. చదివితే తెరమీద నేను కనిపించాను. నీ కళ్లతో.” అతను బాండీ వైపు చూశాడు. “అందులో ఉన్నవాడు నేను కాదు మనూ. అంత నీచంగా ఉన్నాడు. అప్పటికి పన్నెండేళ్లుగా తెలిసిన మనిషివి, నన్ను అలా గుర్తుపెట్టుకుంటావా అనిపించింది. అలా గుర్తుపెట్టుకుని నాతో ఎలా బతుకుతావు?”

“అందుకని నీది పెట్టావు.”

“నేను అబద్ధం పెట్టలేదు. నాకు గుర్తున్నదే పెట్టాను.”

మనోజ్ఞ గోడకు ఆనుకుంది. అడగాలనుకున్న ప్రశ్న ఒకటే ఉంది. అది అడగడానికి ఈ లోకంలో మనిషి ఇతనొక్కడే కావడం ఆమెకు వింతగా తోచింది.

“ఆ రోజు నేను తల ఊపానా ఫణీ?”

“ఊపావు. నాకలాగే గుర్తు.”

“నాకూ అలాగే గుర్తు. అందుకే అడుగుతున్నాను.”

అతను చేతులు మళ్లీ తుడుచుకున్నాడు.

“నాదేమైంది?”

“ఎక్కడ దాచినా ఎప్పుడో ఒకప్పుడు నీకు దొరుకుతుందని...”

“చెరిపేశావా?”

“చెరిపేశాను.”

బయట పక్కింటివాళ్లు స్కూటర్ స్టార్ట్ చేస్తున్న చప్పుడు వినిపించింది. ఫణీంద్ర లేచి రెండడుగులు వేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“ఈ ఆరేళ్లలో నీకేం తక్కువ చేశాను చెప్పు,” అన్నాడు. ఆ మాటలో మోసం లేదు. నిజంగానే అడిగాడు.

ఏమీ తక్కువ చేయలేదు. ప్రతి ఏడూ కిరీటి పోయిన రోజున ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేవాడు. ‘ఇద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం మనూ, ఇద్దరం కలిసే మోద్దాం’ అనేవాడు. ఆ మాటకు ఆమె అతని భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేది. తన తప్పును ఇంత ఓర్పుగా పంచుకునే మనిషి దొరికాడని లోపల్లోపల కృతజ్ఞత కూడా పడేది. అది తలుచుకోగానే ఆమె వెనక్కి తిరిగింది. బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. బయటికి వచ్చాక రెండు జతల బట్టలు సర్దుకుంది. ఆ పూటకు జుబేదా వాళ్లింటికి వెళ్లింది.

*

మర్నాడు పొద్దున్నే సాలూరు బస్సెక్కింది. సత్యవేణి అక్కడ ప్రభుత్వాసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఇప్పటికీ వీధిలో ఎవరికి బీపీ చూడాలన్నా ఆమె దగ్గరికే వస్తారు. మనోజ్ఞ వెళ్లేసరికి వరండాలో ఒక ముసలాయన చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతోంది. కూతుర్ని చూసి చేతిలో పని ఆపలేదు. ఆయన్ని చూసి పంపించాక అప్పుడు తలెత్తింది.

“ఏటిలాగొచ్చావు?”

“ఒకటి అడగడానికి వచ్చానమ్మా. తమ్ముడు పోయిన రోజు నేను నీతో ఏం చెప్పాను?”

“నువ్వు చెప్పింది నన్నడుగుతావేటి?”

“నాకు గుర్తులేదు.”

సత్యవేణి కూతురి మొహంలోకి చూసింది. ఆరేళ్ల తర్వాత అంతసేపు చూడటం అదే మొదటిసారి. మనోజ్ఞ అక్కడే మెట్టు మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. యంత్రం, చికిత్స, ఎర్రగా వచ్చిన వరుస, బెండకాయల బాండీ ముందు ఫణీంద్ర చెప్పిన మాటలు.

“నాలుగున్నరకి ఫోన్ చేసావు,” అంది సత్యవేణి. “టైము ఎలాగ తెలుసంటే అప్పుడే డ్యూటీ దిగి చీర మార్చుకుంటన్నాను. ఏడుస్తా చెప్పావు. అమ్మా, నేను వద్దన్నాను, తమ్ముడు కూడా రేపు చూద్దాం బావా అన్నాడు, కేబుల్ తెమ్మని నన్ను కిందికి పంపీసి మొదలెట్టీసాడు. తలుపుకాడినించి చేత్తో ఆపు ఆపు అన్నానమ్మా, నన్ను చూసి కూడా ఆపలేదు అన్నావు.”

మనోజ్ఞ చివరిదాకా వింది. ఆ మాటల్లో ఒక్కటీ ఆమెలో ఎక్కడా తగల్లేదు.

“రెండు నెల్లకి విచారణకాడ లేచి, నేను కూడా ఒప్పుకున్నాను అన్నావు. నేను వెనక బెంచీ మీదే ఉన్నాను. మొగుడి కోసం తమ్ముణ్ణి అమ్మీసింది అనుకున్నాను.” సత్యవేణి బీపీ పట్టీ చేతిలోకి తీసుకుంది. “ఆరేళ్లు అలాగే అనుకున్నాను కదే.”

“నువ్వు అనుకున్నదాంట్లో తప్పేముందమ్మా. నేను అన్నది అదే కదా.”

సత్యవేణి ఏం చేయాలో తోచనట్టు కాసేపు బీపీ పట్టీని మడతపెట్టింది, విప్పింది. తర్వాత, “చెయ్యిలాగియ్యి,” అంది. కూతురి చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. అంకె చూసింది. చూశాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

*

విచారణ మళ్లీ మొదలైంది. అంతకుముందు మనోజ్ఞ, జుబేదా కలిసి, చికిత్స తీసుకున్న మిగతా రెండొందల పన్నెండు మంది రాతల మీద ‘సమమా’ నడిపారు. ముందూ తర్వాతా అన్నీ సరిపోయాయి. ఒక్క జత కూడా తేడా లేదు. ఇంకెవరి విషయంలోనూ ఫణీంద్ర వేలు పెట్టలేదు. ఆ ఫలితం చూసి జుబేదా హమ్మయ్య అంది. మనోజ్ఞ అనలేకపోయింది. ఊరూ పేరూ తెలియని రెండొందల మంది దగ్గర అతను నిజాయితీగా ఉన్నాడు.

విచారణ గదిలో బల్లకు అవతల ముగ్గురు సభ్యులు కూర్చున్నారు. ఇటు పక్క ఫణీంద్ర, అటు పక్క మనోజ్ఞ. మధ్య ఉన్న ఆవిడ అధ్యక్షురాలు. నెమ్మదిగా మాట్లాడే మనిషి.

“ఆ రోజు ఏం జరిగిందో మీకు గుర్తున్నది చెప్పండి,” అని మనోజ్ఞను అడిగింది.

“నాకు గుర్తున్నది ఆయన సాక్ష్యం మేడం. అది మీ దగ్గర ఒకసారి ఉంది. దాన్ని రెండుసార్లు లెక్కపెట్టవద్దు.”

“మీ సొంత సాక్ష్యం?”

“లేదు.”

అధ్యక్షురాలు ఫణీంద్ర వైపు చూసింది. చెరిపేసిన మాట నిజమని అతను ఒప్పుకున్నాడు. కిరీటి విషయంలో మాత్రం తనకు గుర్తున్నదే నిజమని మళ్లీ అన్నాడు. మనోజ్ఞ తల ఊపిందనే అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను దాన్ని పూర్తిగా నమ్ముతున్నాడని ఆ గదిలో అందరికంటే బాగా మనోజ్ఞకే తెలుసు. అదే బొమ్మ తన తలలోనూ ఉంది.

తర్వాత సత్యవేణిని పిలిచారు. ఆవిడ తెల్లచీర కట్టుకుని, డ్యూటీకి వచ్చినట్టే నిటారుగా వచ్చి కూర్చుంది. ఫోన్‌లో విన్నదంతా సాలూరులో చెప్పినట్టే చెప్పింది. ఆ రోజు నాలుగున్నరకు మనోజ్ఞ నంబరునుంచి ఆమెకు ఫోన్ వెళ్లినట్టు కాగితం కూడా తెచ్చి ఇచ్చింది.

“ఇంకేమైనా చెప్పిందా మీ అమ్మాయి?”

“సెప్పింది,” అంది. గొంతు మారింది, మాట కూడా మారింది. “కేబుల్ కోసం కిందికెళ్తంటే ఆడు కుర్చీలోంచి, అక్కా, వచ్చేటప్పుడు మంచినీళ్లు తే అన్నాడంట. ఇది నీళ్లసీసా పట్టుకునే పైకొచ్చిందంట. తలుపుకాడ అది చేతిలోనే ఉందంట. నాతో మాట్లాడినంతసేపు, అమ్మా, నీళ్లు తాగలేదే ఆడు, నీళ్లు తాగలేదే అనే ఏడిసింది.”

ఫణీంద్ర తల ఎత్తి సత్యవేణిని చూశాడు. అతని జ్ఞాపకంలో తలుపు దగ్గర మనోజ్ఞ చేతిలో ఏమీ లేదు.

“మీరు దీన్ని ధ్రువీకరిస్తారా?” అని అధ్యక్షురాలు మనోజ్ఞను అడిగింది.

“ధ్రువీకరించలేను,” అంది మనోజ్ఞ. “నేనూ ఇప్పుడే వింటున్నాను.”

నెల తర్వాత నిర్ణయం వచ్చింది. ఫణీంద్రకు ఆ యంత్రం దగ్గరికి వెళ్లే హక్కు తీసేశారు. కిరీటి చావు మీద పోలీసు కేసు నడపమన్నారు. భార్య జ్ఞాపకం మార్చినదానికి ఏ శిక్ష వేయాలో చట్టంలో ఇంకా లేదని, దానికోసం కొత్త నిబంధన రాయాలని సిఫార్సు చేశారు. మనోజ్ఞ విడాకులకు అర్జీ పెట్టుకుంది. ఫణీంద్ర అడ్డు చెప్పలేదు.

సత్యవేణి సాక్ష్యం చెప్పిన ఆ రోజున విచారణ అయ్యాక తల్లీకూతుళ్లు బయట వరండాలో బల్లమీద కూర్చున్నారు. ఇక ఎటు వెళ్లాలో, ఎప్పుడు లేవాలో ఇద్దరికీ తెలియనట్టు ఉంది. మనోజ్ఞ కళ్లు మూసుకుని ప్రయత్నించింది. తమ్ముడు కుర్చీలోంచి తనవైపు తిరిగి అడగడం. తమ్ముడి గొంతు. మెట్లెక్కుతుంటే సీసా బరువు. ఏదీ రాలేదు. అటు తిరిగి ఉన్న తల వెనకభాగం, నూట నలభై దగ్గర ఆడే అంకెలు, అవే వచ్చాయి. తమ్ముడి ఆఖరి రోజున అతని మొహం ఆమెకు లేదు. ఫణీంద్ర ఆ రోజు వాడి మొహంలోకి చూడలేదు.

“అమ్మా, వాడేమన్నాడో ఇంకోసారి చెప్పు.”

సత్యవేణి చెప్పింది. “అక్కా, వచ్చేటప్పుడు మంచినీళ్లు తే అన్నాడంట.”

“ఎలా అన్నాడు? మామూలుగానేనా, భయపడుతూనా?”

“అది నువ్వు చెప్పలేదమ్మా,” అంది సత్యవేణి. “నేనూ అడగలేదు.”